పారేసిన ముక్క

“షెర్లీ ఎక్కడుందో నీకు తెలుసు,” అన్నాడు అరుణ్ కుమార్.

అడగడం అప్పటికే అయిపోయింది. భోజనాలయ్యాక మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ జాహ్నవి తెలియదనే చెప్పింది. నాలుగోసారి అడగడం మానేసి, తెలుసన్నట్టే ఒక మాట ఆమె ముందు పెట్టి, మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

కుర్చీ వేసిన తీరులోనే ఆమెకు సంగతి అర్థమైపోయింది. గోడవారగా ఉండే కుర్చీని కిటికీకి ఎదురుగా లాగి అందులో ఆమెను కూర్చోమన్నాడు. నాలుగింటి ఎండ సూటిగా ఆమె మొహాన పడుతోంది. తను మాత్రం కిటికీకి వీపు పెట్టుకున్నాడు. ఎదుటివాళ్ళ మొహం వెలుగులో ఉండాలి, నీ మొహం నీడలో ఉండాలి. పోకర్ పుస్తకంలో ఐదో అధ్యాయం అది. ఆ మాటను తెలుగులో చెప్పి అతనికి నేర్పింది తనే.

అందుకే ఆమె ఒట్టి చేతులతో కూర్చోలేదు. కారం కొట్టించడానికి తెచ్చిన ఎండుమిరపకాయల సంచి పక్కన పెట్టుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని ముచ్చికలు తియ్యడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆ నేరం మిరపకాయల మీదికి నెట్టేయొచ్చు. పైగా మిరపకాయలు పట్టుకున్న చెయ్యి ఒంటికి తగిలితే మండుతుంది. ఆ మంటకు భయపడైనా చెయ్యి చేట దాటి పోదనుకుంది.

ఆమెకు చాలా భయంగా ఉంది. కాపురానికి వచ్చిన ఆరేళ్ళలో మొగుడి మీద కోపం వచ్చింది, విసుగు వచ్చింది. భయం రావడం ఇదే మొదలు.

“నాకు తెలీదండీ,” అంది మళ్ళీ. “హాస్టల్లో లేదంటే ఊరెళ్ళిందేమో. ఫోను కూడా ఎత్తట్లేదు.”

షెర్లీ ఆమెతో ఇంటర్ చదివింది. ఇప్పుడు పిడుగురాళ్లలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పోయిన ఆదివారం సున్నపు బట్టీల వైపు నుంచి కుడిచేతి వేళ్ళు నలిగిపోయిన మనిషిని తీసుకొచ్చారు. లారీ జాకీ జారిందని రాయమన్నారు. షెర్లీ రాయలేదు. ఆ మనిషి కృష్ణచైతన్య. బట్టీల యజమాని మస్తాన్‌రావు గెస్ట్‌హౌస్‌లో పేక పంచేవాడు. ఎవరికో సైగ చేసి ముక్కలు చెబుతున్నాడని మస్తాన్‌రావుకు అనుమానం వచ్చింది. లారీ వెనక తలుపు సందులో వాడి చెయ్యి పెట్టించి తలుపు వేయించాడు. కట్టు కట్టేటప్పుడు నొప్పికి ఏడుస్తూ వాడు ఇదంతా చెప్పాడు. విన్నది షెర్లీ ఒక్కతే.

సోమవారం పొద్దున ఆమె గురజాల కోర్టులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలి. అందాకా ఊళ్ళో ఉండొద్దని ఆమె తరఫు లాయరమ్మ చెప్పింది. గురువారం నుంచి షెర్లీ హాస్టల్లో లేదు.

ఇవాళ శనివారం. ఐదింటికి ఫోను చేస్తానన్నాడు మస్తాన్‌రావు. ఆ పిల్ల ఉన్న చోటు అప్పటికల్లా తెలియాలన్నాడు.

అరుణ్ ముందు టీపాయ్ మీద పాత బిస్కెట్ల డబ్బా మూత తీసి ఉంది. దాని నిండా చింతపిక్కలు. గుప్పెడు తీసి చేతిలో పోసుకుని, రెండో చేతిలోకి వంచి, మళ్ళీ ఈ చేతిలోకి వంచుతున్నాడు. గలగలమన్న ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడటం లేదు.

ఆ చప్పుడంటే మొన్నటిదాకా ఆమెకు ఇష్టం.

పోయిన వానాకాలంలో మస్తాన్‌రావు బృందంతో గోవా వెళ్ళొచ్చినప్పుడు పట్టుకుంది అరుణ్‌ని ఈ పోకర్ పిచ్చి. పల్నాడులో పుట్టినవాడికి రమ్మీ ఒకరు నేర్పక్కర్లేదు. పోకర్ అలా వచ్చేది కాదు. రమ్మీ ముసలాళ్ళ ఆట అని తేల్చేసి మస్తాన్‌రావు తన గెస్ట్‌హౌస్‌లో పోకర్ బల్ల వేయించాడు. ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకడమంటే ఊళ్ళో పెద్దమనిషి అయినట్టే. అరుణ్ వాళ్ళది లారీలకు తాళ్ళు, టార్పాలిన్ పట్టాలు అమ్మే కొట్టు. మస్తాన్‌రావు లారీలు పక్క కొట్టు ముందు ఆగితే వీళ్ళు ఈగలు తోలుకోవాల్సిందే. కాబట్టి ఆ కుర్చీ కావాల్సి వచ్చింది.

నేర్చుకునేవాళ్ళ కోసమని రాసిన పుస్తకాలు మూడు ఇంటర్నెట్‌లో దొరికితే, జిరాక్సు షాపులో తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకొచ్చాడు. అన్నీ ఇంగ్లీషు. అతని ఇంగ్లీషు జీఎస్టీ బిల్లు దాటి రాదు. ఎం.కాం. చదివిన భార్య ఉండగా దిగులేంది అన్నాడు. మధ్యాహ్నం కొట్టు నుంచి భోజనానికి వచ్చినప్పుడల్లా గంటసేపు చదువు. ఆమె చదివి చెబుతుంది, అతను వింటాడు, ఆ తర్వాత చింతపిక్కలు పందెం పెట్టుకుని ఆడతారు.

మొదటి వారమంతా నవ్వులే. పోకర్‌లో మనిషికి రెండే ముక్కలు ఇస్తారు. ఇంకో ఐదు బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. పదమూడు ముక్కలు పేర్చే అలవాటున్న అరుణ్ చెయ్యి ఆ రెంటినే అటుదిటు, ఇటుదటు మార్చేది. ఊరుకోలేక కట్టలోంచి ఒక ముక్క లాగబోయేవాడు. ఇందులో జోకరు ఏదని రోజూ అడిగేవాడు. పది పంపకాల్లో ఎనిమిది ఆడకుండా పారేయాలని పుస్తకం నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, కళావరు ఏడు, ఇస్పేటు రెండు పట్టుకుని కూడా “చూద్దాంలే” అనేవాడు. అత్తగారు సుబ్బలక్ష్మి కూడా మోకాళ్ళ నొప్పి మర్చిపోయి వచ్చి కూర్చునేది. ఆవిడకు జంట పడితే గెలుపు, పడకపోతే లేదు. మిగతా శాస్త్రం ఆవిడకు పట్టలేదు.

ఐదో అధ్యాయం దగ్గర ఆట మారింది. అది ఎదుటివాళ్ళను చదివే అధ్యాయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత ఆ రాసినవాడికి తెలియదు గానీ, నలభై పేజీలూ దాని మీదే నడిపాడు. చేతిలో బలం ఉన్నవాడు లేనట్టు నటిస్తాడు, లేనివాడు ఉన్నట్టు నటిస్తాడు, రెంటికీ ఒంట్లో ఎక్కడో ఒక గుర్తు పడుతుంది అన్నాడు. తెలిసినవాళ్ళ గుర్తులు ముందు రాసుకుని సాధన చెయ్యమన్నాడు.

అరుణ్ నోట్సు పెట్టాడు. మనిషికో పేజీ. అమ్మ: చాటుగా లడ్డూ తిన్నరోజు ఎవరూ అడక్కుండానే షుగరు తగ్గిందంటుంది. నాన్న: సరుకు నచ్చకపోతే కళ్ళజోడు తుడుస్తాడు. జాహ్నవి: ఏదైనా దాస్తుంటే కుడిచెయ్యి నల్లపూసల మీదికి పోతుంది, ఒక్కో పూసా జరుపుతుంది.

ఆ పేజీ చూసి జాహ్నవి అప్పట్లో మురిసిపోయింది కూడా. మొగుడు తనను ఇంత శ్రద్ధగా చూస్తున్నాడని తెలిస్తే ఏ ఆడది మురిసిపోదు?

నీ గుర్తులు నీకు కనపడవు, దగ్గరివాళ్ళను అడుగు అని కూడా ఉంది పుస్తకంలో. నాకేమన్నా ఉందా అని అడిగాడు. లేదని చెప్పింది. అది అబద్ధం. చేతిలో ఏమీ లేకుండా బుకాయించేటప్పుడు అరుణ్ చింతపిక్కల్ని వరసగా పేరుస్తాడు. ఒకదాని పక్కన ఒకటి, బారుగా, బడిపిల్లల్ని నిలబెట్టినట్టు. తలవంచి ఆ వరసనే చూస్తుంటాడు. నిజంగా బలం ఉన్నప్పుడు పిక్కలు కుప్పగానే ఉంటాయి. ఆరునెలలుగా ఆమె గెలుపంతా దాని చలవే. చెప్పేస్తే ఆట పోతుందని చెప్పలేదు.

ఇప్పుడు పిక్కలు వరసలో లేవు. గుప్పిట్లో గలగలమంటున్నాయి. అంటే బుకాయింపు కాదు, ఆమెకు తెలుసని అతను గట్టిగానే నమ్ముతున్నాడు.

జాహ్నవి చూపు టీపాయ్ మీదికి పోయింది. మూడు పుస్తకాలూ ఉన్నాయి. ఎప్పుడూ వాటి పైన ఉండే నోట్సు లేదు.

“నోట్సేదండీ?” అంది.

అరుణ్ చెయ్యి ఒక క్షణం ఆగింది. అన్న దగ్గరుందన్నాడు. వారం కిందట కొట్టుకు వచ్చినప్పుడు నువ్వెట్టా నేర్చుకున్నావో చూస్తానని మస్తాన్‌రావు తీసుకున్నాడట. అక్కడే నిలబడి తిరగేశాడట. చెల్లెమ్మ పేజీ చక్కగా రాశావు తమ్ముడూ అని రెండుసార్లు చదివి నవ్వాడట.

జాహ్నవి చేతిలో మిరపకాయ నలిగింది. తన చెయ్యి, తన మెడ, తన నల్లపూసలు. వాటి గురించి పరాయి మగవాడు కొట్టు ముందు నిలబడి చదివి నవ్వాడు. ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఆ వెనకే భయం ఇంకో మెట్టెక్కింది. తనను చదవడం ఎలాగో ఆ మనిషికి తెలుసు.

“ఇచ్చారా?” అంది, ఇంకేమీ అనలేక.

“అడిగితే ఇవ్వననాలా? ఆయన్నెవరన్నా కాదన్నారా ఈ ఊళ్ళో?”

“ఆదివారం మీరు కూడా అక్కడే ఉన్నారంట.”

గలగల పూర్తిగా ఆగిపోయింది. వారం రోజులుగా ఇద్దరి మధ్యా ఉన్న మాట అది. ఆదివారం ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం వద్దని పడుకున్న మనిషిని ఆమె ఏమైందని అడగలేదు. అతను చెప్పలేదు. అంతా షెర్లీ నోట విన్నదే.

“ఎవరు చెప్పారు నీకు?” అన్నాడు మెల్లగా.

తప్పు చేశానని ఆమెకు అప్పుడు తెలిసింది. కృష్ణచైతన్య ఆసుపత్రిలో మాట్లాడింది ఒక్క షెర్లీతోనే. ఊరంతా అనుకుంటున్నారని సర్దబోయింది. ఊరంతా ఏమీ అనుకోవడం లేదు. ఊరు నోరు విప్పడానికి భయపడుతోందని ఇద్దరికీ తెలుసు.

అరుణ్ మాత్రం ఆ మాట పట్టుకుని లాగలేదు. చేతిలో పిక్కలు డబ్బాలో పోసేసి, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

“ఉన్నా,” అన్నాడు. “నా కుర్చీ పక్కనించే లాక్కుపోయారు వాణ్ణి. నా వంక చూశాడు. నేను నా ముక్కల వంక చూసుకుంటా కూర్చున్నా. నిన్న అన్న ఏమన్నాడో తెలుసా? వాడికి ఐదు వేళ్ళు పోయినయ్, నీకింకా పదున్నయ్ తమ్ముడూ అన్నాడు. నవ్వుతానే అన్నాడు. నాకు భయమేస్తాంది జాహ్నవీ. చానా భయమేస్తాంది. నువ్వు చెప్పు, నేను బయటపడతా.”

 అరిచి ఉంటే, కొట్టి ఉంటే ఎదిరించడం తేలికయ్యేది. ఎదురుగా కూర్చున్నది తన మొగుడు. ఆ చేతులు తనకు తెలిసిన చేతులు. షెర్లీ నూజెండ్లలో ఉందని ఒక్క మాట అంటే ఆ పది వేళ్ళూ మిగులుతాయి. అప్పుడు షెర్లీకి ఏం మిగులుతుంది? వాంగ్మూలం ఇస్తానన్న పిల్లను వాళ్ళు వేళ్ళతో వదిలిపెడతారా?

“నాకు తెలీదండీ,” అంది. చెయ్యి చేటలోనే ఉంది. గొంతు వణకలేదు. తన గొంతు తనకే పరాయిదిలా వినపడింది.

అరుణ్ చాలాసేపు చూశాడు. చెయ్యి వంక చూశాడు, మెడ వంక చూశాడు, కళ్ళ వంక చూశాడు. పుస్తకం చెప్పిన చోట్లన్నీ చూశాడు. ఆఖరికి అతని భుజాలు వాలిపోయాయి. నమ్మడం మొదలుపెట్టాడు. జాహ్నవికి ఊపిరి కొంచెం తేలికైంది.

అప్పుడే సుబ్బలక్ష్మి రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని వచ్చింది.

ఆవిడకు ఈ గొడవేదీ తెలియదు. షెర్లీ అంటే అప్పుడప్పుడూ వచ్చి బీపీ చూసిపోయే నర్సు పిల్ల, అంతే. కొడుకూ కోడలూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని, మధ్యలో చింతపిక్కలు పెట్టుకుని కూర్చుంటే, పట్టపగలు మళ్ళీ ఆట మొదలుపెట్టారనుకుంది. కొట్లో ముసలాయన ఒక్కడే ఉన్నాడనీ, నువ్వెళ్ళకుండా పెళ్ళాం మొహం చూస్తూ కూర్చున్నావనీ కొడుకును దెప్పింది.

“అయినా ఇదేం ఆటరా,” అంది గ్లాసు అందిస్తూ. “మొహాలు చూసుకుంటా కూర్చోడం. మీ నాన్న ముప్ఫయ్యేళ్ళు ఆడాడు రమ్మీ, ఏనాడూ ఎవరి మొహమూ చూడలా. మొహం అబద్ధం చెప్పుద్దే, పారేసిన ముక్క అబద్ధం చెప్పదనేవాడు. ఎదుటోడు ఏది వద్దని పడేశాడో చూస్తే, ఏది దాచుకున్నాడో తెలిసిపోద్దంట.”

చెప్పేసి ఆవిడ ఖాళీ పళ్ళెంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అరుణ్ టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత దాన్ని టీపాయ్ మీద పెట్టి జాహ్నవి వంక చూశాడు. ఈసారి మొహంలోకి చూడలేదు. ఆమెను దాటి, వెనక పెరటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ పొడిచెత్త వేసే నీలం బకెట్టు ఉంది. రెండు రోజులుగా మునిసిపాలిటీ చెత్తబండి రాలేదు. బకెట్టు నిండి మూత పైకి లేచి ఉంది.

అతని చూపు ఎక్కడ ఆగిందో జాహ్నవికి తెలిసింది.

గురువారం జాకెట్టు కుట్టించుకోవడానికని నరసరావుపేట వెళ్ళింది. అలాగని ఇంట్లో చెప్పింది. నిజానికి షెర్లీని వెంటబెట్టుకుని నరసరావుపేటలో బస్సు మారింది, వినుకొండలో ఇంకో బస్సు మారింది. నూజెండ్లలో వెంకాయమ్మ పెద్దమ్మ ఇంట్లో షెర్లీని దింపి, చీకటి పడకముందే తిరిగొచ్చింది. జాగ్రత్తలన్నీ తీసుకుంది. ఫోన్లో పెద్దమ్మకు చేసిన కాల్స్ తుడిచేసింది. కాళ్ళకంటిన నల్లమట్టి వీధి కుళాయి దగ్గరే కడుక్కుంది.

ఒక్కటే మర్చిపోయింది. ఆడవాళ్ళకు బస్సు ఊరికే కదా. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా అని కొట్టి ఒక టికెట్టు చేతిలో పెడతాడు. డబ్బు పెట్టి కొన్న టికెట్టైతే అదీ ఒక వస్తువని గుర్తుండేది, చింపి గాలికి వదిలేది. ఊరికే వచ్చిన కాగితాన్ని ఎవరు తలుచుకుంటారు? పర్సులో ఉండగా చుట్టుకుపోయింది. నిన్న పర్సు సర్దుతూ మిగతా చెత్తతో పాటు ఆ బకెట్టులోనే పడేసింది. సున్నా రూపాయల కాగితం మీద కూడా ఊరి పేరు ఉంటుందని ఆమెకు తట్టలేదు.

“కొట్టుకెళ్ళరా?” అంది. లేచి నిలబడింది కూడా. ఆ లేవడమే చాలు.

అరుణ్ పెరట్లోకి వెళ్ళి బకెట్టు ఎత్తి బండల మీద బోర్లించాడు. వంగి కూర్చుని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగాడు. మాత్రల అట్టలు, పాల ప్యాకెట్లు, సబ్బు కాగితం, తల దువ్వుకున్న వెంట్రుకల చుట్ట. ఇక అతనికి పుస్తకంతో పనిలేదు. తండ్రి ఆడిన రమ్మీలోకి వెళ్ళిపోయాడు, ఆ ఆటలో అతను మొనగాడు. జాహ్నవి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆపాలని ఉంది. ఆపితే అందులో ఏదో ఉన్నట్టే. చూస్తూ ఉండిపోయింది.

చిన్న గోలీలా చుట్టుకుపోయిన కాగితం అతని వేళ్ళకు దొరికింది. విప్పి మోకాలి మీద సాపు చేశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

“వినుకొండ టు నూజెండ్ల,” అన్నాడు. “గురువారం.”



“వెంకాయమ్మ పెద్దమ్మ,” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ వెళ్తే ఆ ముసలామె గోంగూర పచ్చడిలో ఇంత వెన్న వేసి కొసరి కొసరి పెట్టింది. ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఒక గేదె, వెదురుతడిక తలుపు. అవన్నీ అతనికి తెలుసు. తలుపు ఎంత గట్టిదో కూడా తెలుసు.

జాహ్నవి పెరట్లోకి దిగి అతని ఎదురుగా ఆ చెత్తలోనే కూలబడింది. రెండు రోజులండీ అంది. సోమవారం పొద్దున పదింటిదాకా ఓర్చుకోండి అంది. ఆ పిల్ల నోరు విప్పితే ఆయన లోపలికి పోతాడు, మీ వేళ్ళూ మిగులుతాయి, పెద్దమ్మ తలుపూ మిగులుతుంది అంది. ఇవన్నీ తడబడుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. అతను విన్నాడో లేదో తెలియలేదు. టికెట్టును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని లేచాడు.

“చెబుతారా?” అంది.

అతను లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

ఐదింటికి ఇంకా పావుగంట ఉండగానే టీపాయ్ మీద ఫోను మోగింది.

అరుణ్ కుర్చీలో కూర్చున్నాడు. కొట్లో అలవాటు కొద్దీ స్పీకరు నొక్కాడు. జాహ్నవి తన కుర్చీ అంచున కూర్చుని, చేట ఒళ్ళోకి లాక్కుంది, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని.

“ఏమైంది తమ్ముడూ,” అన్నాడు మస్తాన్‌రావు. గొంతు మెత్తగా, తీరిగ్గా ఉంది. వెనకెక్కడో లారీ రివర్సు చేస్తున్న చప్పుడు. “యాడుంది పిల్ల?”

“తెలిసిందన్నా,” అన్నాడు అరుణ్.

జాహ్నవి కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ ఇంటి తడిక కళ్ళ ముందు కనపడింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి అరుణ్ చెయ్యి డబ్బాలో ఉంది. ఒక చింతపిక్క తీసి టీపాయ్ మీద పెట్టాడు. దాని పక్కన ఇంకోటి పెట్టాడు.

“నడికుడి పోయిందన్నా,” అన్నాడు. “గురువారం సాయంత్రం అక్కడ రైలెక్కింది. తెలంగాణ వైపు పోయే బండి. వాళ్ళ మేనత్త ఉందంట మిర్యాలగూడలో.”

మూడో పిక్క. నాలుగోది. బారుగా, తిన్నగా. తలవంచి వరసనే చూస్తున్నాడు.

జాహ్నవికి ఏడుపు ఎగదన్నుకొచ్చింది. బుకాయిస్తున్నాడు. ఈ పిరికి మనిషి, పది వేళ్ళూ బల్ల మీద పెట్టి, చేతిలో ఏమీ లేకుండా బుకాయిస్తున్నాడు. ఆరేళ్ళలో ఎప్పుడూ రానంత ప్రేమ వచ్చింది అతని మీద. వెంటనే అంతకన్నా పెద్ద భయం వచ్చింది. ఫోనులో మాట కాబట్టి సరిపోయింది. ఎదురుగా ఉంటే?

అవతల లారీ చప్పుడు ఆగింది.

“మిర్యాలగూడ,” అన్నాడు మస్తాన్‌రావు. “బాగుంది. ఒక్కసారి వీడియో కాల్లోకి రా తమ్ముడూ. ఇదే మాట నీ మొహం చూసుకుంటా వింటా.”

ఫోను ఆగిపోయి, వెంటనే మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. అరుణ్ వేళ్ళు ఐదో పిక్క కోసం డబ్బాలోకి పోతున్నాయి. ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు. ఆమె చెప్పలేదు. ఆట పోతుందని, ఆరునెలలుగా చెప్పలేదు.

జాహ్నవి టీపాయ్ మీద వరసను ఒక్క ఊపుతో కింద పడేలా తుడిచేసింది. డబ్బా లాగేసి, ఎడమచేత్తో అతని చేతిని టీపాయ్‌కి అదిమి పట్టుకుంది. అతను తెల్లబోయి చూశాడు.

“అబద్ధమాడేటప్పుడు వరస పేరుస్తారు మీరు,” అంది గొంతు తగ్గించి. “కిందికి చూడబాకండి. ఆయన కళ్ళలోకే చూడండి.”

అతను ఊపిరి పీల్చుకుని ఫోను ఎత్తాడు.

మస్తాన్‌రావు మొహం తెర నిండా వచ్చింది. నున్నగా గీసుకున్న గడ్డం, వక్కపలుకు నములుతున్న దవడ. మళ్ళీ చెప్పమన్నాడు. అరుణ్ చెప్పాడు. నడికుడి, రైలు, మేనత్త. ఆమె చేతి కింద అతని చెయ్యి రెండుసార్లు ఎగిరిపడబోయింది. ఆమె వదల్లేదు. అతని చూపు కిందికి వాలలేదు. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. ఆరునెలల చదువులో అతను ఎన్నడూ ఇంత బాగా ఆడలేదు.

మస్తాన్‌రావు నమలడం ఆపి సన్నగా నవ్వాడు.

“బాగా నేర్చుకున్నావు తమ్ముడూ. నీ మొహంలో నాకేం దొరకలా.” పక్కనున్న దేనికోసమో వంగి, మళ్ళీ తెరలోకి వచ్చాడు. చేతిలో నోట్సు ఉంది. నడిమి పేజీలో వేలు పెట్టి పట్టుకున్నాడు. “ఫోను చెల్లెమ్మ వైపు తిప్పు.”

అరుణ్ కదల్లేదు.

“తిప్పు తమ్ముడూ. ఎట్టుందో అడుగుతా, అంతే.”

ఫోను మెల్లగా ఆమె వైపు తిరిగింది. కిటికీలోంచి ఎండ ఇంకా ఆమె మొహం మీదే ఉంది. జాహ్నవి నవ్వబోయింది. బాగున్నా అన్నయ్యా అనడానికి నోరు తెరిచింది.

మెడ మీద భగ్గున మంట పుట్టాక గానీ ఆమెకు తెలియలేదు, తన కుడిచెయ్యి నల్లపూసల మీద ఉందని.